మెల్లగా అనొద్దన్న మనిషి

మా ఆర్మూరులో "మెల్లగ" అన్న ఒక్క మాటతో సగం సంసారం నడిచిపోతుంది. లారీ మీది నుంచి పసుపు బస్తా దింపే హమాలీకి మెల్లగ అంటాం. నిండు చూలాలు ఆటో దిగుతుంటే మెల్లగ అంటాం. పక్కింటి గుట్టు చెవిలో వేసేవాడికీ మెల్లగనే, హైవే మీద దూసుకుపోయే పోరడికీ మెల్లగనే. అవతలివాడు సందర్భం చూసుకుని అర్థం చేసుకుంటాడు. చేసుకోకపోతే వాడి ఖర్మ. ఇన్నేళ్లుగా ఊరు ఇట్లాగే బతుకుతోంది, బాగానే బతుకుతోంది.

ఆ మాటను తన షెడ్డు గడప లోపల పలకనివ్వని మనిషి ఒకాయన ఉండేవాడు. మొన్న వానల్లో పోయాడు.

కబురు వచ్చినప్పుడు నేను పెర్కిట్ దగ్గర ఒక కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను దింపిస్తున్నాను. నాకు ఒక హైడ్రా క్రేన్ ఉంది, దాన్ని కిరాయికి తిప్పుకుంటూ బతుకుతున్నాను. జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. కొక్కేనికి బరువు వేలాడుతుండగా ఫోన్ ఎత్తకూడదన్నది ఆయన పెట్టిన రూలే. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చుని, బెల్టులు విప్పేశాకనే ఫోన్ తీశాను. "సార్ పోయిండన్నా," అని ఆయన దగ్గర నా తర్వాత నేర్చుకున్న జూనియర్ ఒకడు అవతల ఏడుస్తున్నాడు. ఆయన చావు కబురును కూడా ఆయన నేర్పిన పద్ధతిలోనే విన్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన కోప్పడతాడని కాదు. మహా సంబరపడేవాడు, లామినేషన్ చేయించి గోడకు కొట్టేవాడు. కానీ ఊళ్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన రిగ్గర్ సార్. రిగ్గర్ అంటే క్రేన్ కొక్కేనికి బరువు కట్టి, పైన కూర్చున్న ఆపరేటర్‌కు ఎంత ఎత్తాలో ఎట్లా దించాలో చెప్పేవాడు. దుబాయిలో ఓడరేవుల్లో చాలా ఏళ్లు ఆ పని చేసి, ఒక కాలు కుంటుతూ తిరిగి వచ్చాడు. మా దగ్గర ఏ ఎడారి దేశం పోయినా దుబాయి అనే అంటాం. వచ్చినవాడు కిరాణా కొట్టు పెట్టుకోలేదు, ప్లాట్లు కొని అమ్మలేదు. పెర్కిట్ దాటాక పసుపు పాలిష్ చేసే పాత రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, దూలానికి గొలుసు వేలాడదీసి, దుబాయి పోయే పోరగాళ్లకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాడు.

పొట్టి మనిషి. ఛాతీ మాత్రం ఆరడుగులవాడిలాగా ముందుకు పెట్టి నడిచేవాడు. మెడలో పసుపు తాడుతో ఒక విజిల్. తలమీద ఎప్పుడూ పనివాళ్లు పెట్టుకునే పచ్చ ప్లాస్టిక్ టోపీ. స్కూటర్ మీద కూడా అదే. చౌరస్తాలో పోలీసాయన ఆపి ఇది హెల్మెట్ కాదు అంటే, బండి స్టాండు వేసి మరీ వాదించేవాడు.

"గిది పైకెంచి పడే ఇనుమును ఆపుతది సార్. పైకెంచి పడేదాన్ని ఆపినోడు పక్కకెంచి వచ్చేదాన్ని ఆపడా?"

కొన్నాళ్లకు ఆ పోలీసాయన ఈయన స్కూటర్ కనిపించగానే అటువైపు తిరిగి నిలబడడం నేర్చుకున్నాడు.

నేను ఆయన్ను మొదట చూసింది మాక్లూర్ దగ్గర మా పొలంలోనే. పసుపు తవ్విన రోజులు. నాన్న ఆ ఏడు పసుపు ఉడకబెట్టే పాత బాయిలర్ ఒకటి కొన్నాడు. పెద్ద ఇనుప డ్రమ్ము, దాన్ని కూర్చోబెట్టడానికి కళ్లంలో కట్టిన పొయ్యి గూడు. దాన్ని లారీ మీది నుంచి కళ్లంలోకి దించడానికి క్రేన్ వచ్చింది. క్రేన్ వెనకాలే స్కూటర్ మీద ఈయనా వచ్చాడు. ఎక్కడ క్రేన్ కదిలినా పిలవని పేరంటానికి వెళ్లడం ఆయన అలవాటని తర్వాత తెలిసింది.

బాయిలర్ గాలిలోకి లేచింది. అంతే, కళ్లంలో ఉన్న ప్రతివాడూ ఆఫీసరైపోయాడు. మా చిన్నాయన మెల్లగ అని అరిచాడు. పాలేరు మెల్లగ అని అరిచాడు. మా అమ్మ ఇంటి అరుగు మీది నుంచి మెల్లగ మెల్లగ అంటోంది. నాన్న అయితే మెల్లగ అంటూనే రెండు అరచేతులూ డ్రమ్ము కింది అంచుకు ఆనించి, తన చేతులతోనే దాన్ని గూట్లో కూర్చోబెట్టేవాడిలా నిలబడ్డాడు. ఆపరేటర్ క్రేన్ మీద అటూ ఇటూ చూస్తున్నాడు. డ్రమ్ము ఊగుతోంది.

విజిల్ మోగింది. చెవులు చిల్లులు పడేటంత గట్టిగా, పొడుగ్గా.

"ఎవడూ మాట్లాడొద్దు," అన్నాడు ఆయన, పిట్టగోడ మీద నిలబడి. "పటేలా, చేతులు తియ్యి."

నాన్నకు అట్లా చెప్పినవాళ్లు మా ఊళ్లో లేరు. నాన్న తల ఎత్తి చూశాడు. "గది జర పక్కకు వస్తుందయ్యా, నేను పట్టుకుంటే..."

"నీ చేతులు పట్టుకుంటే ఆగే బరువైతే క్రేన్ ఎందుకు తెచ్చుకున్నవ్? చేతులు తియ్యి. రేపు బువ్వ దేంతోని తింటవ్?"

నాన్న చేతులు తీశాడు. ఆ తర్వాత ఆయన ఆపరేటర్ వైపు తిరిగి, అరవకుండా, స్పష్టంగా ఒక్కొక్క మాట వదిలాడు. "స్లైట్లీ అప్." డ్రమ్ము బెత్తెడు లేచింది. "స్టాప్." ఊగడం తగ్గేదాకా ఆగాడు. "స్లోలీ డౌన్." దిగుతూ వచ్చింది. గూటికి అరచేయంత ఎత్తులో మళ్లీ ఆపాడు. ఆపి, గొంతు మార్చి, "జెంట్లీ," అన్నాడు. అంత ఇనుము పొయ్యి గూట్లో కూర్చుంది, చప్పుడు కాలేదు. గూటి అంచు మీద ఎవరో మరిచిపోయిన ఎండు పసుపు కొమ్మొకటి ఉంటే అది కూడా కదల్లేదు.

ఆపరేటర్ ఆయన శిష్యుడే కాబట్టి ఆ మాటలు అతనికి తెలుసు. మాకు తెలియదు. నాన్న కాసేపు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ, "ఒరే, నువ్వు దుబాయి పోతే పో, కని ముందుగాల గా విజిలాయన దగ్గర నేర్చుకో," అన్నాడు. అప్పటిదాకా నన్ను పంపడానికి ససేమిరా అన్న మనిషి.

షెడ్డులో మొదటి రోజు పుస్తకం లేదు, బల్ల లేదు. దూలానికి చైన్ బ్లాక్. చేత్తో గొలుసు లాగితే బరువు లేచేది, రెండో వైపు లాగితే దిగేది. కొక్కేనికి నాలుగు తాళ్లతో ఒక చెక్క పలక, పలక మీద రెండు పసుపు బస్తాలు, బస్తాల మధ్యన నీళ్లతో నిండిన స్టీలు గిలాస. ఒకడు గొలుసు దగ్గర వీపు తిప్పి నిలబడాలి. బరువు వాడికి కనబడకూడదు. ఇంకొకడు చూసి చెప్పాలి. గొలుసువాడికి మాటే కన్ను.

"ఇంగ్లీషు అంటే ఏ బీ సీ డీ కాదా సార్?" అని నేను అడిగాను.

ఆయన ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఛాతీ ఇంకా ముందుకు పెట్టాడు.

"చూడు బిడ్డా. సామాను పేరు రాకపోతే వేలు పెట్టి చూపెడ్తవ్. పని పేరు రాకపోతే చేసి చూపెడ్తవ్. ఎట్ల చెయ్యాల్నో చెప్పరాకపోతే ఏం చూపెడ్తవ్? గందుకే నేను 'ఎట్ల' ఒక్కటే చెప్త. కడమది దుబాయిల గోడ మీద రాసే ఉంటది."

నేను గొలుసు పట్టుకున్నాను. మా జతగాడు చూస్తూ, "మెల్లగ," అన్నాడు. విజిల్ మోగింది.

"గా మాట నా షెడ్డుల లేదు," అన్నాడు సార్. "స్లోలీ అంటే టైము. జెంట్లీ అంటే తాకుడు. స్లైట్లీ అంటే కొలత. సాఫ్ట్‌లీ అంటే చప్పుడు. నాలుగు వేరే వేరే సరుకులు. మీరు నాల్గింటిని ఒక్క బస్తల పోసి, కుట్టు వేసి, మెల్లగ అని పేరు పెట్టిండ్రు. నేను గా కుట్టు విప్పుతున్న."

ఆయనకు అనుమానం అన్నది ఉండేది కాదు. ఒకేలా ఉండే రెండు మాటలు దొరికితే చాలు, రెండింటి మధ్యా గోడ కట్టేసేవాడు. ఇమ్మీడియట్లీ అంటే చేతిలోని చాయ్ కింద పెట్టి లేవడం, సూన్ అంటే చాయ్ తాగి లేవడం. మా ఊరివాళ్లు "ఇప్పుడే వస్త" అని చెప్పి పొద్దుగూకాక వచ్చేది ఈ రెండింటిలోనూ లేదని, దానికి ఇంగ్లీషులో మాట పుట్టలేదని అనేవాడు. నియర్లీ అంటే బరువు నేలకు పసుపు చెట్టంత ఎత్తులో ఉన్నట్టు, ఆల్మోస్ట్ అంటే పసుపు కొమ్మంత ఎత్తులో ఉన్నట్టు. కొమ్ము తెచ్చి నిలబెట్టి మరీ చూపించేవాడు. నేను ఒకసారి డిక్షనరీలో చూసి, రెండూ దాదాపు ఒకటేనని రాసి ఉంది సార్ అన్నాను.

"గా డిక్షనరీ రాసినాయన ఎన్నడన్న బరువు కింద నిలవడ్డడా?" అని అడిగాడు. తర్వాత దుబాయి ఓడరేవులో పనికి దిగాక నా నోటికి అలవాటైనవి ఆయన కొమ్మూ చెట్టూ లెక్కలే. డిక్షనరీ పెట్టె అడుగుకు పోయింది.

షెడ్డుకు ఆనుకునే వాళ్ల ఇల్లు. వంటింటి కిటికీ షెడ్డులోకి తెరుచుకునేది. ఆ కిటికీ దగ్గర సార్ భార్య ఉండేది. మేం అమ్మా అని పిలిచేవాళ్లం. ఆదివారం చర్చికి పోయిన పూట తప్ప ఆమె ఆ కిటికీ దగ్గరే కూరగాయలు తరిగేది, బియ్యం ఏరేది, మమ్మల్ని చూస్తూ నవ్వుకునేది. గిలాస నింపే పని ఆమెది. నిండా అంటే అంచు దాటి నీళ్లు ఉబ్బి నిలబడేటట్టు నింపేది. ఊపిరి తగిలినా ఒలికిపోతాయేమో అనిపించేది.

"పొద్దుందాక గిలాసలు నింపుడే నా బతుకైంది," అని గట్టిగా అనేది, ఆయనకు వినబడాలని. "తాగనికి నీళ్లడగడు గీ మనిషి. దించనికి అడుగుతడు."

"నువ్వు నింపుడు ఫుల్లీ కాదు, కంప్లీట్లీ," అనేవాడు ఆయన మెచ్చుకోలుగా. ఈ రెండింటికీ ఏం తేడానో మాకు చెప్పలేదు. అది వాళ్లిద్దరి మధ్య సంగతి అయి ఉంటుంది.

ఒకరోజు మాలో ఒకడు విసుగెత్తి, ఎట్ల దించితే ఏంది సార్, దిగింది కదా అన్నాడు. ఆయన కోప్పడలేదు. స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలి బూటు విప్పి, సాక్సు లాగి, పాదం ముందుకు చాపాడు. ముందు భాగంలో వేళ్లు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

"నా సర్టిఫికెట్ గిదే. చూసుకోండ్రి," అన్నాడు. "రేడియోల స్లోలీ అన్న. నేనే అన్న. ఆపరేటర్ మంచోడు, చెప్పింది చెప్పినట్టు చేసిండు. పెట్టె మెల్లగనే వచ్చింది. నత్త తీరు వచ్చింది. వచ్చి ఒక మూల నేలకు తాకింది, రెండో మూల దబ్బుమని నా కాలు మీద కూసుంది. నేను జెంట్లీ అనుంటే వాడు కొమ్మంత ఎత్తుల ఆపి, నన్ను అడిగి, అప్పుడు పెడుతుండె. నా నోట్లకెంచి వచ్చిన మాటనే నా కాలు మీద కూసుంది బిడ్డా."

మమ్మల్ని దిద్దడానికి కాకుండా ఆయన తనంతట తాను మెల్లగ అనడం ఆ పూటే మొదటిసారి విన్నాం. ఎవరూ విజిల్ వేయలేదు. బూటు తొడుక్కుని, లేచి, "ఊఁ, గొలుసు పట్టు," అన్నాడు. ఏడుపు మొహం పెట్టలేదు, మమ్మల్ని పెట్టనివ్వలేదు. కిటికీ దగ్గర అమ్మ మాత్రం బియ్యం ఏరడం ఆపి అటు తిరిగింది.

ఇక నా సంగతి. ఆయన దగ్గర పరీక్ష ఒక్కటే, గిలాస పరీక్ష. పలక నేల మీదికి దిగాలి, గిలాసలోని నీళ్లు ఒలకకూడదు. నేను అన్నీ పాసయ్యాను. స్లోలీ పాస్, స్లైట్లీ పాస్. చివర పలక ఒక మూల తాకి రెండో మూల దిగే దగ్గర నా చెయ్యి ఎందుకో తొందరపడేది. టప్పుమనేది. నీళ్లు బస్తా మీద ఒలికేవి. ఆయన వచ్చి బస్తాను అరచేత్తో తడిమి, ఆ తడి నాకు చూపించేవాడు.

"జెంట్లీ ఫేల్. బరువు దిగినట్టు నేలకు తెల్వొద్దు. గొలుసు పట్టుకున్నోనికి గూడ తెల్వొద్దు. నీకు తెలుస్తుంది. నీ వీపు చూస్తేనే సమజైతుంది, దిగింది దిగింది అని ఉరుకుతవ్."

దుబాయి పంపే ఏజెంటు పెట్టిన ట్రేడ్ టెస్టు నేను చిటికెలో పాసయ్యాను. సార్ దగ్గర పాస్ కాకుండానే విమానం ఎక్కాను. ఆయన ఆపలేదు. బస్టాండు దాకా వచ్చి, "వచ్చినంక మళ్ల పెడ్త పరీక్ష," అన్నాడు.

పెట్టాడు కూడా. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ పెట్టాడు. అప్పటికి నేను అక్కడ ఒక గ్యాంగును నడిపిస్తున్నాను. నా మాట మీద అంతంత పెద్ద యంత్రాలు దిగుతున్నాయి, గీత పడకుండా. ఇక్కడ రెండు పసుపు బస్తాలు నన్ను ఫేల్ చేసేవి. నాకు నిజంగానే రోషం వచ్చేది. ప్రపంచంలో నన్ను ఎవరు మెచ్చుకున్నా లోపల ఒక మూల ఖాళీగానే ఉండేది, అది ఈ మనిషి నింపాల్సిన ఖాళీ. నవ్వుకోండి, కానీ నేను పెళ్లాం పిల్లలతో కూడా చెప్పాను: నాకు ఆయన నోట జెంట్లీ పాస్ అనిపించుకోవాలని ఉందని.

"అమ్మా, నువ్వు జర తక్కువ నింపరాదే," అని ఒకసారి కిటికీ దగ్గరికి పోయి బతిమాలాను.

"తక్కువ నింపితే నువ్వు పాసైతవ్. పాసైతే మళ్ల ఈ షెడ్డుకు వస్తవా?" అంది ఆమె. "గాయన భయం గాయనది."

"నాకేం భయం లేదు," అని షెడ్డులోంచి గట్టిగా వినబడింది. "ఫేలైనోన్ని ఫేల్ అనక ఏమంట?"

దుబాయి చాలించుకుని వచ్చేసి నేను క్రేన్ కొనుక్కున్నాక, మొదటి పని ఆయన చేతే మొదలుపెట్టించాను. క్రేన్ ముందు కొబ్బరికాయ నేను కొట్టాను, ప్రార్థన ఆయన చేశాడు. నిరుడు ఆయనకు ఆయాసం పట్టుకుంది. విజిల్ ఊదలేకపోయేవాడు. మెడలో మాత్రం ఉండేది. మంచం షెడ్డు వైపు తలుపు దగ్గర వేయించుకుని, పిల్లలను వేలు కదిపి దిద్దేవాడు. చివరిసారి నేను పోయినప్పుడు దమ్ము తీసుకుంటూ మెల్లిమెల్లిగా మాట్లాడాడు.

"వానలు తగ్గనీ. పరీక్ష పెడ్త."

"ఈసారి పాసైత సార్."

"ఆల్మోస్ట్," అన్నాడు, బొటనవేలూ చూపుడువేలూ కొమ్మంత దూరంలో పెట్టి. ఆ మాట ఆయన నాకు ఇచ్చిన అన్నిటికంటే పెద్ద మార్కు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను.

వానలు తగ్గలేదు. ఆయన ఆగలేదు.

మా ఊరి గుట్ట పక్కన క్రైస్తవుల సమాధుల దొడ్డి. రాత్రంతా కురిసిన వానకు తవ్విన గుంత అంచులు జారిపోతున్నాయి. చర్చివాళ్లు తాళ్లు పట్టుకుని నాలుగు వైపులా నిలబడబోతే మట్టి పెళ్లలు పెళ్లలుగా లోపలికి విరిగి పడుతోంది. ఒకాయన కాలు జారి మోకాలి దాకా దిగబడ్డాడు. శవపేటికను కిందికి ఎట్లా దించాలో పాస్టరు గారికి పాలుపోలేదు. అక్కడ ఉన్నవాళ్లలో ఆయన శిష్యులం చాలామందిమి ఉన్నాం, ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. ఇద్దరు పోయి షెడ్డులోంచి మూడు కాళ్ల ఇనుప స్టాండూ ఆ చైన్ బ్లాకూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. అంచుకు దూరంగా కాళ్ల కింద చెక్కలు పరిచి గుంత మీద నిలబెట్టాం. పేటికకు బెల్టులు కట్టాం. ముడులు ఒకరివి ఒకరం సరిచూసి, పేటికను లేపి గుంత మీద వేలాడదీశాం.

దించడానికి మాత్రం గొలుసు దగ్గరికి ఎవరూ రాలేదు. అందరూ నా వైపే చూశారు. నేను పోయి, గుంతకు వీపు పెట్టి నిలబడ్డాను. ఆయన బరువు గాలిలో ఉంది, అది నా చేతిలో ఉంది. పైకి ఏమని చెప్పుకున్నా, లోపల ఒక్కటే భయం. చివర్లో టప్పుమంటే? ఆయన్ను నేను అట్లా పడేస్తే?

అప్పుడు అమ్మ లేచింది. పొద్దుటి నుంచి చుక్క కన్నీరు పెట్టలేదని వాళ్ల చుట్టాలు గొణుక్కుంటూనే ఉన్నారు. చేతిసంచిలోంచి స్టీలు గిలాస తీసింది. సీసాలోని నీళ్లు పోసింది, అంచు దాటి ఉబ్బేదాకా. పేటిక మూత మీద నడిమధ్యన పెట్టింది.

"ఇదేంది వదినా?" అని ఎవరో అన్నారు.

"పరీక్ష పెడ్త అన్నడు. పెట్టకుండ పోతడా?" అంది ఆమె.

నేను గొలుసు లాగాను. పేటిక కదిలింది. కదలడమే ఆలస్యం, మా ఆర్మూరు మొత్తం లేచింది. మెల్లగ అని ఒకరు, అరే మెల్లగ అని ఇంకొకరు, పాస్టరు గారు కూడా మెల్లగ నాయనా అన్నారు. ఎవరి మెల్లగ ఏ మెల్లగనో నాకు తెలియలేదు. చెయ్యి ఆగిపోయింది.

విజిల్ మోగింది. చెవులు చిల్లులు పడేటంత గట్టిగా, పొడుగ్గా. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి చూడలేదు. కానీ ఆ పసుపు తాడు ఇప్పుడు ఎవరి మెడలో ఉందో నాకు అర్థమైంది.

"ఎవ్వరు మాట్లాడొద్దు," అంది అమ్మ. "స్లోలీ డౌన్."

ఇన్నేళ్లూ కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ ఆమె ఏరుకున్నది బియ్యం ఒక్కటే కాదు. నేను దించాను. "స్టాప్. తల దిక్కు ఊగుతుంది. ఆగనీ." ఆగాను. "స్లోలీ." గొలుసు కిర్రుమంటూ నడిచింది. "స్టాప్. స్లైట్లీ అప్." బెత్తెడు లేపాను. "నియర్లీ," అంది, పసుపు చెట్టు నా కళ్లకు కట్టింది. ఇంకా దించాను. "ఆల్మోస్ట్. స్టాప్." కొమ్మంత ఎత్తు. వాన తుంపర నా మెడ మీద పడుతోంది.

ఆ తర్వాతి మాట నాకు తెలుసు. ఆ మాట కోసమే ఇన్నేళ్లు ఆ షెడ్డు చుట్టూ తిరిగాను. అమ్మ వెంటనే అనలేదు. ఆమె ఊపిరి తీసుకోవడం వినబడింది.

"మెల్లగ, బిడ్డా," అంది. "మెల్లగ పండవెట్టు."

ఏ మెల్లగ అని నా చేతులు అడగలేదు. వేలెడు వేలెడు గొలుసు లాగాను. ఒక మూల, ఇంకొక మూల, తొందర లేదు. ఉరకలేదు. ఇంకా దిగాలి, ఇంకా దిగాలి అనుకుంటూ లాగుతూనే ఉన్నాను.

"ఇగ చాలు," అంది అమ్మ. "దిగిండు. ఎప్పుడో దిగిండు."

నాకు తెలియలేదు. ఒట్టేసి చెప్తున్నాను, నాకు తెలియనే లేదు.

తిరిగి చూశాను. కింద పేటిక మూత మీద గిలాస నిలబడి ఉంది. నీళ్లు అంచు మీద అట్లాగే ఉబ్బి ఉన్నాయి. అమ్మ గుంత అంచు దగ్గర, జారే మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తోంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పాసైన వాడిలాగా, సిగ్గు లేకుండా.

బెల్టులు విప్పి పైకి లాగారు. ఒకాయన గిలాస కూడా తీయబోతే ఉండనీ అంది. పారలు పట్టుకున్నవాళ్లు ముందుకు వచ్చారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి, వాళ్లకు దారి ఇచ్చింది.

"మన్ను గూడ గట్లనే పొయ్యుండ్రి," అంది.